ఉత్తరానికి లక్కముద్ర: సీమ ఎండకు, పోస్టు ప్రయాణానికి తట్టుకునేలా వేసే పద్ధతి

సొంత ముద్ర వేసిన ఉత్తరం చేతికందితే, విప్పకముందే అది ఎవరు రాసిందో తెలిసిపోతుంది. శుభలేఖల మీద, పుట్టినరోజు ఉత్తరాల మీద లక్కముద్ర వేయాలన్న ముచ్చట ఈ మధ్య మళ్లీ కనిపిస్తోంది. వేయడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ ముద్ర కడపలో బయల్దేరి అవతలివాళ్ల చేతికి పగలకుండా, కరగకుండా చేరడంలోనే ఉంది. ఈ పని గురించి దొరికే సూచనల్లో చాలావరకు చలిదేశాల వాతావరణానికి రాసినవి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలు. ఎండలో నిలబడిన ఇనుప పోస్టు డబ్బా లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఏ లక్క కొనాలి, ముద్ర ఎలా చెక్కించాలి, ఏ వేళప్పుడు వేయాలి, ఎలా పంపాలి అన్నవన్నీ ఆ వేడిని లెక్కలోకి తీసుకునే చెబుతున్నాను.

ముందు లక్క సంగతి

కోర్టులు, రిజిస్ట్రారు ఆఫీసుల చుట్టుపక్కల ఉండే స్టేషనరీ షాపుల్లో 'సీలు లక్క' అని అడగండి. ఎర్రటి కడ్డీలు ఇస్తారు. ఎన్నికలయ్యాక స్ట్రాంగ్ రూము తాళాలకు గుడ్డ చుట్టి వేసేది ఈ లక్కే. ఒకప్పుడు మెయిలు సంచుల మూతులు కట్టి వాటిమీద వేసిందీ ఇదే. ఇన్సూర్ చేసిన పార్శిళ్లకైతే కుట్ల మీద లక్క వేసి, పంపేవాళ్లు తమ సొంత గుర్తుతో ముద్ర వేయాల్సి వచ్చేది.

లక్క మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే జిగురు. మన దేశంలో ఎక్కువగా జార్ఖండ్ నుంచి వస్తుంది. శుద్ధిచేసిన లక్క కరగాలంటే 75 నుంచి 80 డిగ్రీల వేడి కావాలి. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. కొవ్వొత్తుల మైనమైతే రకాన్ని బట్టి 46 డిగ్రీల నుంచే కరగడం మొదలుపెడుతుంది, కరగడానికి ముందే మెత్తబడుతుంది కూడా. కొవ్వొత్తి కరిగించి ముద్ర వేస్తే ఆ రోజుకు బాగానే కనిపిస్తుంది. కాస్త వేడి తగిలితే అక్షరాలు అణిగిపోతాయి, చుట్టూ కాగితానికి నూనె మరక దిగుతుంది. కొవ్వొత్తి ముక్కలు లక్కలో కలపడమూ వద్దు, పట్టు తగ్గిపోతుంది.

లక్కకున్న లోపం పెళుసుతనం. దీనికి మన తపాలా చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 1852లో సింధు ప్రాంతంలో బార్టల్ ఫ్రియర్ తెచ్చిన సిండే డాక్ అనే అర అణా స్టాంపు ఆసియాలోనే మొదటి అంటించే తపాలా బిళ్ల. దాని తొలి రకాన్ని ఎర్రటి సీలు లక్క బిళ్ల మీద అచ్చొత్తారు. అది ప్రయాణంలో పగిలి రాలిపోతుండడంతో కాగితం మీద తెల్లగా, ఆ తరవాత నీలంగా అచ్చు వేయాల్సి వచ్చింది. ఆ ఎర్ర బిళ్లలు ఇప్పుడు ప్రపంచంలోనే అరుదైనవి. లక్కను వంగే చోట వేస్తే ఏమవుతుందో దాన్ని చూస్తే అర్థమవుతుంది.

పగలకుండా వంగే రకం కూడా ఉంది. గ్లూ గన్‌లో పెట్టి కరిగించే సీలింగ్ వ్యాక్స్ కడ్డీలు ఆన్‌లైన్లో దొరుకుతాయి. వాటిలో ప్లాస్టిక్ గుణం ఉంటుంది, వంచినా విరగదు. నా లెక్క ఇది: చేతికిచ్చే ఉత్తరానికి, ఇంకో కవరులో పెట్టి పంపే ఉత్తరానికి అచ్చమైన లక్క, ముద్ర పైకి కనిపించేలా నేరుగా పోస్టులో వేసేదానికి వంగే రకం. అందంలో మాత్రం లక్కదే పైచేయి. దాని మెరుపు, అచ్చులో సన్నగీత కూడా దిగే తీరు వంగే రకానికి రావు.

రంగు కోసం లక్కలో కుంకుమ, సింధూరం కలిపే ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోండి. సింధూరంలో పాదరసం, సీసం ఉండే అవకాశం ఉంది. వేడిచేస్తే వచ్చే పొగ చాలా ప్రమాదం. వేరే రంగు కావాలంటే ఆ రంగు కడ్డీనే కొనుక్కోండి.

ముద్ర చెక్కించుకోవడం

ఖర్చూ ఓపికా పెట్టాల్సింది ఇక్కడే. లక్క అయిపోతే ఇంకో కడ్డీ కొంటాం, ముద్ర మాత్రం మీ తరవాత మీ పిల్లలకూ ఉంటుంది.

ఇత్తడితోనే చేయించండి. ఇత్తడి వేడిని త్వరగా లాగేస్తుంది, దానివల్ల లక్క అచ్చులోనే గట్టిపడి శుభ్రంగా ఊడివస్తుంది. రబ్బరు స్టాంపు ఇందుకు పనికిరాదు, చెక్క ముద్రకు లక్క అంటుకుపోతుంది. ఉంగరం మీద అక్షరం చెక్కించుకుని దాంతోనే వేయాలని కొందరికి కోరిక. రామనామం చెక్కిన ఉంగరం చూసే కదా సీతమ్మ హనుమంతుణ్ణి నమ్మింది! అయితే మామూలు ఉంగరాల మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి. వాటితో వేస్తే లక్కలో అక్షరం గుంటగా, తిరగబడి పడుతుంది. ఉంగరమే కావాలంటే అక్షరాన్ని తిప్పి, లోపలికి చెక్కమని ముందే చెప్పాలి.

చేసేవాళ్లు రెండు రకాలు. రబ్బరు స్టాంపుల షాపులు కొన్ని కంప్యూటరు యంత్రంతో ఇత్తడి మీద చెక్కించి ఇస్తాయి. రెండోది నగిషీ పని తెలిసిన కంసాలి. బంగారు వ్యాపారానికి పేరుమోసిన ప్రొద్దుటూరు మన జిల్లాలోనే ఉంది. నగల పనివాళ్లకు లక్క కొత్త వస్తువేమీ కాదు, బోలు నగల్లో నింపేది లక్కే. ఏ గీత ఎంత లోతుంటే లక్క దిగుతుందో, ఎక్కడ ఇరుక్కుపోతుందో చేతిపనివాళ్లకు చెప్పకుండానే తెలుస్తుంది. చేత్తో చెక్కిన ముద్రకు ఖర్చు ఎక్కువైనా నేను దానివైపే.

వాళ్లకు చెప్పాల్సిన కొలతలు: అడ్డంగా 22 నుంచి 25 మి.మీ., లోతు 1 నుంచి 1.5 మి.మీ., గీత మందం అర మి.మీ.కి తగ్గకూడదు. గీతల గోడలు నిటారుగా కాకుండా పైకి వచ్చేకొద్దీ కాస్త వెడల్పవ్వాలి, అప్పుడే లక్క సులువుగా వదులుతుంది. మన లిపికి ఇక్కడ ఒక వరం ఉంది. తెలుగు అక్షరాల్లో పదునైన మూలలు తక్కువ, లక్క ఇరుక్కునేది మూలల్లోనే. కాబట్టి 'అ', 'ర', 'ల', 'న' లాంటి అక్షరం ఒక్కటే పెద్దగా పెడితే అచ్చు చక్కగా వస్తుంది. 'శ్రీ', 'క్ష్మి' లాంటివాటిలో ఒత్తుల సందులు చిన్నవి కావడంతో పూడిపోతాయి. ఇంటిపేరు మొత్తం పెట్టాలని చూడకండి, 25 మి.మీ.లో నాలుగక్షరాలు చదవలేం.

బొమ్మ కావాలంటే లేపాక్షి లతామంటపం స్తంభాల మీది అల్లికలు చూడండి. చీరల అంచులకు తరాలుగా నమూనాలిస్తున్న శిల్పాలవి. ఒక లత మెలిక, ఒక హంస, ఒక మామిడిపిందె చాలు. జాతీయ చిహ్నమైన మూడు సింహాల బొమ్మ మాత్రం పెట్టించకండి. దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడకుండా 2005లో చట్టం ఉంది. రూపాయి బిళ్ల నొక్కి ముద్ర వేయడమూ సరి కాదు. ఇన్సూర్డ్ పోస్టు నిబంధనల్లో నాణెం అచ్చును, ఉత్త అడ్డగీతలను ముద్రగా ఒప్పుకునేవారు కాదు, ఎవరైనా సులువుగా మళ్లీ వేసేయొచ్చు కాబట్టి. మీ ముద్రకూ అదే సూత్రం పెట్టుకోండి.

డబ్బులు కట్టే ముందు గోధుమపిండి ముద్దలోనో, పిల్లలు ఆడుకునే క్లేలోనో ముద్ర నొక్కి చూడండి. అక్షరం సరైన వైపు తిరిగి ఉందా, అంచులు తెగినట్టున్నాయా అన్నది అక్కడే తేలిపోతుంది. పిడి మీద, అక్షరం తల ఎటుందో ఆ వైపు ఒక చుక్క పెట్టించుకోండి. వేసేటప్పుడు ముద్ర అడుగు మనకు కనిపించదు, ఆ చుక్కే దారి చూపుతుంది.

కాగితం, కవరు, ఇంకు

కవరు 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మందం ఉంటే మంచిది. పలుచటి ఖాకీ కవరు వేడికి ముడుచుకుంటుంది. గరుకు కాగితాన్ని లక్క గట్టిగా పట్టుకుంటుంది. నున్నటి లామినేషన్ కాగితం మీద వేసింది గోరుతో గీకితేనే లేచిపోతుంది.

ఇంకు విషయంలో జాగ్రత్త. రాసింది రుద్ది చెరిపేసే రకం జెల్ పెన్నుల ఇంకు 60 డిగ్రీల వేడికి మాయమవుతుంది. ముద్ర వేసేటప్పటి వేడికీ పోతుంది, ఎండలో పెట్టిన డబ్బాలోనూ భరోసా లేదు. బాల్ పెన్నుతోనో మామూలు ఇంకుతోనో రాయండి. ఫోటో పెట్టి పంపుతుంటే, ముద్ర పడే చోటికి దూరంగా జరపండి.

కవరే లేకుండానూ వేయొచ్చు. కవర్ల వాడకం పెరగకముందు ఉత్తరాలన్నీ అలాగే వెళ్లేవి. రాసిన వైపు లోపలికి ఉండేలా ఏ4 కాగితాన్ని కిందనుంచి పైకి మూడు మడతలు పెట్టండి. పొడుగాటి పట్టీ వస్తుంది. దాని రెండు కొసలను మధ్యకు మడిచి, ఒక కొసను రెండోదాని సందులోకి దూర్చండి. ఆ కలిసే గీత మీద ముద్ర. అవ్వకో, మేనమామకో ఊరెళ్లేవాళ్ల చేత పంపే ఉత్తరానికి ఇంతకంటే అందమైన రూపం లేదని నా నమ్మకం.

సిద్ధం చేసుకోవడం

వేళ పొద్దున్నే, ఎండ ముదరకముందు. ఫ్యాను ఆపాలి. గాలికి మంట ఊగితే మసి చేరుతుంది, లక్క అడ్డదిడ్డంగా పడుతుంది. మధ్యాహ్నం ఫ్యాను లేకుండా ఈ పని చేయడం మన ఊళ్లలో అయ్యేది కాదు. పైగా ఇత్తడి ముద్ర కూడా గది వేడికి వెచ్చబడి ఉంటుంది, లక్క దాన్ని సరిగా వదలదు.

బల్ల మీద ఇవి ఉండాలి: లక్క కడ్డీ, కొవ్వొత్తి లేదా స్పిరిట్ దీపం, ముద్ర, గిన్నెలో ఐసుముక్కలు వేసిన నీళ్లు, పొడి గుడ్డ, స్టీలు పళ్లెం, పక్కన బకెట్టుతో నీళ్లు. లక్క ఇల్లు ఎంత సులువుగా అంటుకుందో మన భారతం చదివినవాళ్లందరికీ తెలుసు. వదులు చున్నీ, నైలాను బట్టలు వద్దు. జుట్టు ముడేసుకోండి. చిన్నపిల్లలు ఆ గదిలో ఉండకూడదు. కరిగిన లక్క చర్మం మీద పడితే అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. అలా పడితే పీకకుండా 20 నిమిషాలు చల్లటి కుళాయి నీటి కింద ఉంచాలి. బొబ్బ పెద్దదైతే డాక్టరుకు చూపించండి.

ముద్ర వేసే క్రమం

1. కవరు మూతను ముందు జిగురుతో అంటించి, పుస్తకం బరువు పెట్టి పూర్తిగా ఆరనివ్వండి. మూతను పట్టి ఉంచేది జిగురే. లక్క మీదే ఆ భారం వేస్తే దారిలో ఊడిపోతుంది.

2. అంటించేముందే కవరులో, ఉత్తరానికీ మూతకూ మధ్య ఒక అట్టముక్క పెట్టండి. వేడి ఉత్తరానికి తగలదు, ముద్ర కింద గట్టి ఆధారమూ ఉంటుంది. దాన్ని అలాగే వదిలేయొచ్చు.

3. ముద్రను ఐసు నీళ్లలో ఒక నిమిషం ఉంచి, తీసి తుడవండి.

4. కడ్డీ కొసను మంట కొనకు రెండు మూడు సెంటీమీటర్ల పైన పట్టుకుని తిప్పుతూ ఉండండి. పసుపు మంటలోకి దించితే మసి పట్టి, ఎర్ర లక్కలో నల్లచారలు వస్తాయి. కొస మెత్తబడి జారడం మొదలవగానే పక్కకు తీయండి. అంటుకుంటే ఊది ఆర్పి, నల్లబడిన భాగాన్ని పళ్లేనికి రుద్ది తీసేయండి.

5. కవరు మీద అనుకున్న చోట బొట్లుగా వేసి, కడ్డీ కొసతోనే గుండ్రంగా తిప్పుతూ సర్దండి. ముద్ర వెడల్పులో ముప్పావు వంతు, 2 మి.మీ. పైచిలుకు మందం ఉంటే చాలు. నొక్కినప్పుడు పక్కలకు పొంగి అంచు తయారవుతుంది. బ్యాంకుల్లో, కోర్టుల్లో గుమాస్తాలు ఇలాగే చేస్తారు. పొంగిన అంచు గుండ్రంగా లేదని బాధపడకండి, ఆ వంకర్లే చేత్తో వేసినట్టు చెబుతాయి.

6. లక్క మీద మొదటి మెరుపు కాస్త తగ్గి, పలుచటి మీగడ కట్టినట్టు అయ్యేదాకా ఆగండి. సుమారు అయిదారు సెకన్లు. ఈ ఆగడంలోనే పనంతా ఉంది. తొందరపడితే లక్క ముద్రకు అంటుకుంటుంది, మరీ ఆలస్యమైతే అచ్చు సగమే దిగుతుంది.

7. ముద్ర అడుగున వేలితో నీటి తడి అద్దండి, చుక్క కారకూడదు. పిడి మీద పెట్టించుకున్న గుర్తు చుక్క మీ వైపుకు కాకుండా పైకి ఉండేలా పట్టుకుని నిటారుగా నొక్కండి. ఊపొద్దు, తిప్పొద్దు.

8. పదిహేను, ఇరవై సెకన్లు అలాగే ఉంచండి. మెల్లగా పైకి లాగితే తనంతట తనే వదలాలి. బిగుసుకుంటే ఇంకాస్త ఆగండి, పీకకండి. వదలకపోతే ముద్ర వెనకభాగాన్ని ఐసుగుడ్డతో పట్టుకుంటే చల్లబడి ఊడుతుంది.

మొదట రాసిన కవరు మీదే మొదలుపెట్టొద్దు. పాత కవర్ల మీద చేయి కుదిరేదాకా వేసి చూడండి. అక్షరం చుట్టూ బుడగలుంటే లక్క మరీ వేడెక్కింది. అంచులు గుండ్రంగా కరిగినట్టుంటే ముద్ర చల్లగా లేదు. ఒకవైపు లోతుగా, ఒకవైపు పైపైన పడితే చేయి ఒరిగింది. పాడైన ముద్రను కాగితం మీదే మళ్లీ వేడిచేసి సరిచేయాలనుకోవద్దు, కాగితం మాడుతుంది. గట్టిపడ్డాక సన్నటి కత్తితో లేపి, అదే చోట కాస్త పెద్దగా ఇంకోటి వేస్తే పాత మరక కప్పబడిపోతుంది.

శుభలేఖలకైతే

వంద కవర్ల మీద ఒకటొకటిగా లక్క కరిగించడం ఎంత ఓపిక ఉన్నా కష్టమే. బేకింగుకు వాడే బటర్ పేపరు మీద ముద్రలన్నీ ముందే వేసుకుని, గట్టిపడ్డాక ఊడదీసి డబ్బాలో పెట్టుకోండి. తరవాత గట్టి డబుల్ టేపుతో అంటిస్తే సరిపోతుంది. లామినేషన్ కార్డుల మీద పట్టు నిలిచేదీ ఈ పద్ధతిలోనే. 25 మి.మీ. ముద్ర ఒక్కోటి గ్రామున్నర దాకా లక్క తింటుంది. పాడయ్యేవి కూడా కలుపుకుని వందకు 200 గ్రాములు తెచ్చుకోండి.

నాలుగు మూలలా పసుపు రాయడం ముద్ర అంటించాకే జరగాలి. ముందు రాస్తే ఆ తడి, ఆ పొడి ముద్ర కిందికి చేరి పట్టు ఉండదు. నల్ల లక్క ఎంత బాగున్నా శుభకార్యానికి వద్దు. ఇంట్లో జేజి చూసి నొచ్చుకుంటుంది, ఆ మాట నిజంగా పట్టించుకోవాల్సిందే.

పోస్టులో పంపడం

ఉత్తరాలను కట్టలు కట్టి, సంచుల్లో వేసి, ఒకదానిమీదొకటి పేరుస్తారు. పెద్ద నగరాల సార్టింగ్ కేంద్రాల్లో యంత్రాలూ ఉన్నాయి. పైకి ఉబ్బిన లక్క వీటన్నిటినీ దాటాలి. కాబట్టి నా సలహా: ముద్ర వేసిన కవరును ఇంకాస్త పెద్ద గుడ్డకవరులో పెట్టి, ముద్ర మీద మెత్తటి కాగితం మడత వేసి పంపండి. పైకవరు చించినవాళ్లకు లోపల చెక్కుచెదరని ముద్ర కనిపిస్తుంది.

నేరుగానే పంపుతానంటే వంగే రకం వాడి, మందం తగ్గించి, ముద్రను కవరు వెనక మధ్యలో కాస్త కిందికి వేయండి. స్టాంపు అంటించే మూలకు సరిగ్గా వెనకవైపు ఉంటే, తేదీ ముద్ర దెబ్బ దానిమీదే పడుతుంది. డబ్బాలో వేయకుండా పోస్టాఫీసు కౌంటరులో ఇవ్వడం ఎండాకాలంలో తప్పనిసరి.

తూకం చూసుకోండి. 20 గ్రాముల లోపు మామూలు ఉత్తరానికి 5 రూపాయల స్టాంపు. 80 జీఎస్ఎం ఏ4 కాగితం ఒకటి 5 గ్రాములు. రెండు కాగితాలు, మందం కవరు, ముద్ర కలిపితే 18 గ్రాముల చిల్లర అవుతుంది. అట్టముక్క, పైకవరు చేరితే 20 దాటుతుంది. చాలని స్టాంపుతో పోతే అవతలివాళ్ల దగ్గర అదనంగా వసూలు చేస్తారు, మీ ముచ్చటకు వాళ్లు డబ్బు కట్టడం బాగుండదు. ఎక్కడిదాకా వెళ్లిందో తెలియాలంటే స్పీడ్ పోస్టు చేయండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును కూడా దాంట్లోనే కలిపేశారు.

విప్పేవాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి: కవరును పక్కఅంచు దగ్గర కత్తిరిస్తే ముద్ర దాచుకోవచ్చు.

పని అయ్యాక

ముద్ర సందుల్లో లక్క మిగిలితే సూదితో గీకొద్దు, ఇత్తడికి గీతలు పడి అవి ప్రతి అచ్చులోనూ కనిపిస్తాయి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది ముంచి కాసేపు అద్ది ఉంచి, పాత టూత్ బ్రష్‌తో తోమితే పోతుంది. మంటలన్నీ ఆర్పాకే స్పిరిట్ సీసా మూత తీయండి. వంగే రకం మాత్రం స్పిరిట్‌కు లొంగదు. ముద్రను పావుగంట ఫ్రీజర్‌లో పెడితే అది పెళుసుబారి, తట్టగానే ఊడుతుంది.

ఆరాక ముద్రకు ఒక్క చుక్క కొబ్బరినూనె రాసి తుడిచి, గుడ్డలో చుట్టి పెట్టండి. ఈసారి వాడేముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయాలి, లేకపోతే కాగితానికి అంటుతుంది. లక్క కడ్డీలను స్కూటరు డిక్కీలో, ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచకండి. ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతాయి. మూత ఉన్న స్టీలు డబ్బాలో, కడ్డీకి కడ్డీకి మధ్య కాగితం వేసి, ఇంట్లో నీడపట్టున ఉండే అల్మారాలో పెడితే వచ్చే ఎండాకాలానికీ పనికొస్తాయి.